నైరుతి మూల చెరువు

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్,
ఆగస్టు 11

బాబాయ్‌కి ఉదయ నమస్కారాలు.

మీ చెవులు మొరాయించడం వల్ల నాకు మాత్రం మేలే జరిగింది. ఫోన్లో నేను గొంతు చించుకోవడం, మీరు "ఆఁ?" అనడం, పిన్ని మధ్యలో దూరి నేను చెప్పనివి కూడా మీకు చెప్పడం తప్పాయి. కాగితం మీదైతే మొదలుపెట్టిన మాట చివరిదాకా చెప్పగలుగుతున్నాను. ఇక్కడ బ్రిస్బేన్ నుంచి మీ క్రాన్‌బర్న్‌కి ఉత్తరం చేరడానికి వారం పట్టినా పరవాలేదు.

ఈసారి మాత్రం మీ సలహా కోసం రాస్తున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళు సొంత హాలు కట్టుకుంటున్నారని చెప్పాను కదా. స్థలం చేతికొచ్చింది. ఇంజనీరుని కదా, వాననీటి ప్లాన్ నా వంతు సేవగా నేనే వేసి, సంతకం కూడా నేనే పెడతానన్నాను. అది లేకుండా కౌన్సిల్ పర్మిట్ ఇవ్వదు. ఇదే పనిలో రిటైరైన మీకు తెలియనిదేముంది, ఇక్కడి బంకమట్టి మీద గడ్డిపొర తీశామా, ఒక్క వానకే నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి, వారమైనా తేరుకోవు. ఆ నీళ్ళు వాగులోకీ పక్కవాళ్ళ పెరట్లోకీ పోకుండా సైటులోనే ఒక చెరువు తవ్వి, మట్టి అడుక్కి దిగడానికి జిప్సం చల్లి, తేటపడ్డాక వదలాలి. మా స్థలం మధ్యలో వెన్నులా ఎత్తుగా ఉంది. పడిన వానలో మూడోవంతు ఈశాన్యానికి పోతుంది, మిగిలిందంతా నైరుతికి జారుతుంది. కాబట్టి చెరువు నైరుతి మూలన గీశాను. అంతకన్నా ఆలోచించడానికి ఏమీ లేదక్కడ.

నిన్న కమిటీ మీటింగులో ప్లాన్ పెట్టాను. అధ్యక్షుడు ద్వారకానాథ్ అంకుల్ మీకు తెలుసు, డాక్టరుగారు, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నారు. కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు.

"నైరుతిలో గొయ్యా? అది యజమానికి ప్రాణగండం అమ్మా. పాండ్‌ని ఈశాన్యానికి షిఫ్ట్ చెయ్యి. నైరుతిలో మట్టి పొయ్యి, అక్కడ బరువుండాలి."

ఈ చెరువు పద్నాలుగు నెలలే ఉంటుంది, హాలు పూర్తయ్యాక పూడ్చేస్తామని చెప్పాను. మొదట తవ్వేది గొయ్యే కదా అన్నారు. నీళ్ళు పైకి పారవని చెప్పాను. పంపు పెట్టమన్నారు. ఇది వాస్తు తెలిసిన ఒక పెద్ద ఇంజనీరే రాసిచ్చిన మాట అని, పేరు బయటపెట్టవద్దన్నారని కూడా చెప్పారు. ఆ పెద్దమనిషెవరో గానీ నాకు ఒళ్ళు మండిపోయింది.

నైరుతి కంచెకు అవతల మోరీన్ అని ఒకావిడ ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒక్కర్తే, ఏడు కోళ్ళతో. సర్వేకి వెళ్ళినప్పుడు కంచె మీద మోచేతులు ఆనించి మాట్లాడింది. నీళ్ళు ఎప్పుడూ ఈ మూలకే వస్తాయి, నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను అంది. ఆవిడ కంచె నేను గీసిన చెరువుకు సరిగ్గా దిగువనే ఉంది.

ఏం చెయ్యమంటారు? మీరు కుదరదని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ కాగితం తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెడతాను. మీ మాటంటే ఇక్కడ కూడా గౌరవం ఉంది. నేనైతే ఇంకా వాళ్ళకు నిన్నమొన్న వచ్చిన పిల్లనే.

మీ
ఉదయ


క్రాన్‌బర్న్,
ఆగస్టు 24

చిరంజీవి ఉదయకు,

నీ ఉత్తరం పిన్ని రెండుసార్లు చదివింది, నేను మూడుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. కొత్త చెవి మిషన్ పెట్టారు. దాంతో ఫ్రిజ్ చప్పుడు బ్రహ్మాండంగా వినిపిస్తోంది, మనుషులు మాత్రం వినిపించడం లేదు. మొన్న కేరమ్ డౌన్స్ గుళ్ళో ఎవరో పలకరిస్తే, ఏమన్నారో తెలియక, బాగున్నానని చెప్పాను. వాళ్ళు టైమెంతయిందని అడిగారట.

వాస్తు సంగతి. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడు కాబట్టి దిక్కులన్నీ తిరగెయ్యాలని ఒక వర్గం, అక్కర్లేదని ఒక వర్గం ఉన్నాయి. రెండు వర్గాలూ నా ముందు పోట్లాడుకున్నాయి. ఏమంటున్నారో వినపడలేదు కనుక ఎటువైపూ చేరలేదు.

అయినా నలుగురి డబ్బుతో కట్టేది, నలుగురి మనసుకూ నచ్చాలి. రేపు అందులో ఏ పెళ్ళిలో ఏ చిన్న అపశ్రుతి జరిగినా నైరుతిలో గొయ్యి తవ్విన అమ్మాయి వల్లే అంటారు. ఆ మాట నీకెందుకు? పంపు పెట్టి నీళ్ళు ఎక్కించడం కొత్త విషయమేమీ కాదు, నేను ఉద్యోగంలో ఉండగా ఎన్నో చోట్ల చేయించాను. నైరుతిలో పోసే మట్టిని బాగా దిమ్మిస కొట్టి గట్టి చేయించు. పంపు దగ్గర మనిషి ఉండాలని షరతు రాయించు. ఈశాన్యం చెరువు కాస్త పెద్దది చెయ్యి. సాధ్యమే.

ఆ పెద్ద ఇంజనీరు ఎవరైతే నీకేం గానీ, వాళ్ళతో గొడవ పెట్టుకోకు. పిన్ని ఆవకాయ పంపుతానంటోంది, పోస్టులో కారితే నన్ను తిట్టకు. నా మనవరాలు గీతిక ఇప్పటికైనా తెలుగులో జవాబు చెబుతోందా?

ఆశీస్సులతో,
బాబాయ్ కేశవరావు


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్,
అక్టోబరు 19

బాబాయ్‌కి,

ఆవకాయ క్షేమంగా చేరింది. గీతిక "టూ హాట్" అంటూనే సీసా సగం చేసింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం మాత్రం మానలేదు.

మీరు చెప్పినట్టే చేశాను. చెరువు ఈశాన్యానికి మార్చి, నైరుతి మూలన కంచె పొడవునా పైపొర మట్టి దిబ్బగా పోయించాను. అటు జారే నీళ్ళను దిబ్బ ఆపుతుంది, డీజిల్ పంపు వెన్ను దాటించి ఈశాన్యం చెరువులో పోస్తుంది. ఇరవై ఐదు మిల్లీమీటర్లు దాటి వాన పడుతుందని సూచన ఉన్న ప్రతిరోజూ పంపు దగ్గర మనిషి ఉండి తీరాలన్న షరతు మీద కౌన్సిల్ ఒప్పుకుంది. ఆ షరతు కింద ఉన్న సంతకం నాది. నిజం చెప్పాలంటే, మీరు సాధ్యమే అని రాయకపోతే పెట్టేదాన్ని కాదు.

భూమిపూజ బాగా జరిగింది. మోరీన్‌ని పిలిచాను. గుమ్మడికాయ స్కోన్స్ అని చిన్న రొట్టెలు చేసి తెచ్చింది. పూజారిగారు నిమ్మకాయలు కోసి కుంకం అద్దుతుంటే, తర్వాత జ్యూస్ చేస్తారా అని నన్ను మెల్లగా అడిగింది. మొన్న కలిస్తే, దిబ్బ మనిషి ఎత్తు దాటింది కదా, పొద్దుటి ఎండ పెరట్లోకి రావడం లేదని, కోళ్ళు గుడ్లు తగ్గించాయని కూడా చెప్పింది. కంప్లయింట్ ఇవ్వమని నేనే సలహా ఇచ్చాను. పెళ్ళిళ్ళు చేసుకునే చోటు కదమ్మా, పోనీలే అంది.

మొన్న బుధవారం మొదటి గట్టి వాన పడింది. బాలమురళి, అంటే మా సైటు సూపర్‌వైజరు, పంపు పక్కనే గొడుగేసుకుని కూర్చున్నాడు. నాలుగు రోజులకు ఈశాన్యం చెరువు తేటపడింది. గ్లాసులో పట్టి చూస్తే వెనకాల నా వేళ్ళు కనిపించాయి. గర్వంగానే ఉంది, దాచడమెందుకు.

బాలమురళి ఒక మాట అడిగాడు. "అక్కా, వర్కింగ్ డేస్‌లో ఎలాగూ నేనుంటాను. క్రిస్మస్ షట్‌డౌన్ మూడు వారాలు పంపు ఎవరు చూస్తారు?" అని. ద్వారకానాథ్ అంకుల్‌ని అడిగాను. రెండొందల కుటుంబాలున్నాయి, మనుషులకేం కొదవ, రోస్టరు వేస్తాం అన్నారు. వేశారు కూడా, వాట్సాప్‌లో పెట్టారు.

పిన్నికి నమస్కారాలు.

మీ
ఉదయ


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్,
జనవరి 3

బాబాయ్,

మోరీన్ చనిపోయింది.

పిన్నికి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను, నంబరు నొక్కి కట్ చేశాను. అందుకే రాస్తున్నాను.

డిసెంబరు ఇరవై ఎనిమిది, ఆదివారం. నలభై మిల్లీమీటర్ల వాన సూచన ముందు రోజే వచ్చింది. ఆరోజు రోస్టరులో ఉన్న కుటుంబం గోల్డ్ కోస్ట్ వెళ్ళింది. వెళ్తూ గ్రూపులో, మా బదులు ఎవరైనా చూడగలరా అని మెసేజ్ పెట్టారు. పదకొండు మంది బొటనవేలు బొమ్మ పెట్టారు. ప్రతివాళ్ళూ మిగతా పదిమందిలో ఎవరో వెళ్తారనుకున్నారు. ఎవరూ వెళ్ళలేదు. ఆ పదకొండులో నా బొటనవేలు కూడా ఉంది.

మూడున్నరకి ఆకాశం నల్లబడింది. గంటన్నరలో ఎనభై దాకా కురిసింది. నేను గీతిక స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళాను. కిటికీలోంచి వాన చూస్తూనే ఉన్నాను, పంపు దగ్గర ఎవరో ఉండే ఉంటారనుకున్నాను. అక్కడ పంపుకి తాళం వేసి ఉంది. దిబ్బ వెనక నీళ్ళు చేరాయి. ఐదింటికి కాస్త ముందు దిబ్బ అడుగున కోసుకుపోయి, మట్టీ నీళ్ళూ ఒక్కసారిగా కంచె మీద పడ్డాయి. మోరీన్ అప్పుడు కోళ్ళను గూట్లోంచి తీసి ఇంట్లోకి చేరుస్తోంది. కంచె ఆవిడ మీద పడింది, మట్టి కంచె మీద పడింది.

రెస్క్యూ వాళ్ళు ఆరున్నరకి బయటికి తీశారు. నేను వెళ్ళేసరికి షీటు కప్పారు. రోడ్డు మీద చెప్పులు పూడిపోయేంత బురద. ఒక పోలీసు అమ్మాయి రెండు కోళ్ళను చంకలో పెట్టుకుని, వీటినేం చెయ్యాలని అందర్నీ అడుగుతోంది. నేను తీసుకున్నాను. మరొకటి మర్నాడు దొరికింది. మూడే మిగిలాయి.

నీళ్ళు ఎప్పుడూ ఈ మూలకే వస్తాయని ఆవిడ నాకు చెప్పింది బాబాయ్. నేను ఆ మాట మీకు రాశాను కూడా.

ఉదయ


క్రాన్‌బర్న్,
జనవరి 12

చిరంజీవి ఉదయకు,

రాసి రాసి రెండు కాగితాలు చింపేశాను.

గంటన్నరలో ఎనభై అంటే మామూలు వాన కాదు తల్లీ. ఏ చెరువు ఏ మూలన ఉన్నా ఇబ్బంది అయ్యేదే. నిన్ను నువ్వు నిందించుకోకు. మనిషిని పెట్టాల్సింది కమిటీ, పెట్టలేదు. ఇందులో ప్లాన్ తప్పేముంది?

విచారణ తప్పదు కదా, దానికి ఏయే కాగితాలు అడిగారు? ప్లాన్లు, కౌన్సిల్ ఉత్తరాలేనా, లేక కమిటీ పాత ఫైళ్ళు కూడా పట్టుకెళ్ళారా? ద్వారకానాథ్ మాటవరసకు వచ్చిన ఉత్తరాలు కూడా దాచే మనిషేనా? ఊరికే అడుగుతున్నాను. లాయరుని పెట్టుకునే ఉంటావు, అతను చెప్పినట్టు నడుచుకో.

పిన్ని నిన్ను రమ్మంటోంది. నేను రాత్రిళ్ళు చెవి మిషన్ తీసేశాక కూడా ఏదో హోరు వినిపిస్తోంది. డాక్టరు అది చెవిలోదే అన్నాడు.

బాబాయ్


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్,
ఫిబ్రవరి 8

బాబాయ్‌కి,

విచారణ అధికారి ఇరవయ్యో తారీకున నా వాంగ్మూలం తీసుకుంటారు. అంతకంటే ముందు మీకు కొన్ని చెప్పాలి.

పోయిన ఆదివారం ద్వారకానాథ్ అంకుల్ ఇంటికి పిలిచారు. కమిటీ వాళ్ళు ఆరుగురు ఉన్నారు. ఆంటీ పెసరట్లు వేస్తూనే ఉన్నారు, ఎవరూ తినలేదు. మోరీన్ తన కంచె వెంబడి కోళ్ళ గూట్లోకి నీళ్ళు రాకుండా చిన్న కాలువ తవ్వుకుందట. ఆ కాలువ వల్లే కంచె పునాది వదులైందని చెబితే సరిపోతుందన్నారు. ఇంజనీరుగా నేను చెబితే చెల్లుతుందట.

"పోయినావిడ ఎలాగూ పోయింది. హాల్ ఆగిపోతే కమ్యూనిటీ మొత్తం అన్‌సేఫ్ అని ముద్ర పడుతుంది. మన పిల్లల ఫ్యూచర్ ఆలోచించమ్మా," అన్నారు అంకుల్.

ఆ కాలువ జానెడు లోతు ఉంటుంది. నలభై ఏళ్ళ నాటిది. మోరీన్ భర్త తవ్వాడు. సర్వేలో నేనే దాన్ని గీశాను. ఆవిడ కోళ్ళ కోసం తవ్విన కాలువని ఆవిడ చావుకి కారణం చెయ్యమంటున్నారు. చెప్పనన్నాను. లేచి వచ్చేశాను. అప్పటినుంచి గుళ్ళో నన్ను చూసి చెప్పులు వెతుక్కునే నెపంతో పక్కకు తప్పుకుంటున్నారు. గీతికని డాన్సు క్లాసుకి కారులో తీసుకెళ్ళే వాళ్ళు, కారులో చోటు లేదన్నారు.

మీకు చెప్పనిది ఒకటుంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆరోజు నాలుగూ పన్నెండుకి నాకు ఫోన్ వచ్చింది. తెర మీద మోరీన్ పేరు చూశాను. కేకు కోస్తున్నారు. కోళ్ళ గురించో, గుడ్ల గురించో అయి ఉంటుందనుకుని ఫోన్ బోర్లా పెట్టాను. ఆవిడ మెసేజ్ వదిలింది. మర్నాడు విన్నాను. "ఉదయా, నీ మట్టి కింద నుంచి నీళ్ళు ఊరుతున్నాయి, గోధుమ రంగులో. నీకు వీలు చిక్కినప్పుడు ఒకసారి చూడమ్మా," అంది. వీలు చిక్కినప్పుడు. ఆవిడకి అంతకంటే గట్టిగా అడగడం రాదు.

దిబ్బ కింద నుంచి నీళ్ళు ఊరితే ఏమవుతుందో మీకూ నాకూ తెలుసు. ఫోన్ తీసి, ఇంట్లోంచి బయటికి రావద్దని ఒక్క మాట చెబితే బతికేది. నలభై నిమిషాలు టైముంది.

అందుకని ఈ భారం ఎవరి మీదా పడటం నాకిష్టం లేదు. విచారణకి ఇవ్వడానికి కమిటీ ఫైలు సర్దమని అంకుల్ పోయిన నెలలోనే నాకిచ్చారు. అనవసరమైనవి ఉంటే తీసెయ్యమన్నారు. అన్ని కాగితాలూ ఒక్కొక్కటిగా చూశాను. మీరు దేనికీ బెంగ పెట్టుకోకండి. మందులు వేళకు వేసుకోండి.

ఉదయ


క్రాన్‌బర్న్,
ఫిబ్రవరి 20

ఉదయా,

దేనికీ బెంగ పెట్టుకోవద్దని రాశావు. ఆ ముక్క చదివాక పిన్నిని కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను. బహుశా నీకు తెలిసే ఉంటుంది.

ఆ పెద్ద ఇంజనీరుని నేనే.

జూలైలో ద్వారకానాథ్, చిత్తు ప్లానులో చెరువు నైరుతిలో పడుతోందని ఉత్తరం రాశాడు. మీరు నీళ్ళ ఇంజనీరు, శాస్త్రం తెలిసినవారు, మా అనుమానం తీర్చండి అన్నాడు. రెండు పేజీల జవాబు రాశాను. నైరుతిలో గుంట పనికిరాదు, ఈశాన్యానికి మార్చి నైరుతిలో మట్టి పోసి పంపు పెట్టుకోవచ్చు, సాంకేతికంగా ఇబ్బంది లేదు అని. నేల ఎటు వాలిందో అప్పుడు నాకు తెలియదు. అడగలేదు. ఆ ప్లాన్ నీదని కూడా నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు.

నాకు వాస్తు మీద నమ్మకం లేదు తల్లీ. ఎప్పుడూ లేదు. మరి ఎందుకు రాశానంటే, చెవులు పోయిన ఆరేళ్ళలో నన్ను ఎవరైనా ఒక విషయం అడగడం అదే మొదటిసారి. కన్నకొడుకు వివేక్ కూడా ఇంటికి వస్తాడు, వాళ్ళ అమ్మతో మాట్లాడి వెళ్తాడు. గుళ్ళో అందరూ నవ్వి తల ఊపుతారు. ఎవరో కేశవరావుగారూ అని సంబోధించి ఇంతేసి ఉత్తరం రాశారు. వాళ్ళు వినాలనుకుంటున్నదేమిటో చదవగానే తెలిసింది. అదే రాశాను. రాశాక ఆ రోజంతా ఇంట్లో ఈల వేసుకుంటూ తిరిగానని పిన్ని ఇప్పుడు గుర్తుచేసింది.

నీ ఆగస్టు ఉత్తరం వచ్చినప్పుడైనా చెప్పాల్సింది. కుదరదని ఒక్క ముక్క రాయమన్నావు. రాస్తే ద్వారకానాథ్ నా రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఆ సిగ్గుకి భయపడి, సాధ్యమే అని నీకు రాశాను. ముప్పై ఏళ్ళు నేను చేసిన పనల్లా కింద ఉన్నవాళ్ళ మీదికి నీళ్ళు పోకుండా చూడటం. ఒక మట్టి దిబ్బ వెనక నీళ్ళు నిలబెట్టమని ఉద్యోగంలో ఏ కుర్ర ఇంజనీరు అడిగినా కాగితం మొహాన కొట్టేవాణ్ణి.

ఈరోజు ఉదయం నా దగ్గరున్న చిత్తుప్రతి, ద్వారకానాథ్ ఉత్తరం రెండూ విచారణ అధికారికి పంపాను. వివేక్ స్కాన్ చేసి, ఈమెయిల్‌లో కూడా పెట్టాడు. ఆ సలహా నాదేనని, నిన్ను ఒప్పించింది కూడా నేనేనని రాశాను. శిక్ష నాకు పడాలి. నీ సంతకం వెనక నా చెయ్యి ఉందని వాళ్ళకి తెలియాలి. నీ ఉద్యోగం, నీ లైసెన్సు నిలబడితే నాకంతే చాలు.

నీ ఆగస్టు ఉత్తరానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నేల ఎటు వాలితే అటే. చెరువు నైరుతిలోనే తవ్వు, ఉదయా.

బాబాయ్


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్,
మార్చి 9

బాబాయ్,

మీ ఉత్తరం నాకు ఫిబ్రవరి ఇరవై ఏడున చేరింది. మీ ఈమెయిల్ వాళ్ళకి ఇరవయ్యో తారీకు ఉదయమే చేరింది. నేను అదేరోజు మధ్యాహ్నం రెండింటికి ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చాను. అప్పటికి విచారణ అధికారి మీ ఈమెయిల్ తెరవలేదు.

ఫైల్లో మీ ఉత్తరం జనవరి ఆఖర్లోనే చూశాను. సంతకం దాకా వెళ్ళనక్కర్లేకపోయింది, మీ 'న' నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాకు లెక్కలు నేర్పిన చేతిరాత. చాలా కోపం వచ్చింది. ఫోన్ చేసి అరిచినా మీకు వినపడదని ఇంకా కోపం వచ్చింది. తర్వాత మిమ్మల్ని ఆ గదిలో, ఆ మైకు ముందు ఊహించుకున్నాను. ఎవరు ఏమడుగుతున్నారో వినపడక, బాగున్నానని జవాబు చెబుతూ ఉంటారనిపించింది. పెరట్లో బార్బెక్యూ పొయ్యి వెలిగించి ఆ రెండు పేజీలు కాల్చేశాను. తప్పు నాది, ఫోన్ నాది, సంతకం నాది. మీరెందుకు అనుకున్నాను.

మోరీన్ కాలువ గురించి నిజం చెప్పాను. ఫోన్ గురించి చెప్పాను. ఆవిడ మెసేజ్ ఆ గదిలో వినిపించారు. చెరువు మార్చమని లిఖితపూర్వకంగా ఎవరైనా సలహా ఇచ్చారా అని అడిగారు. లేదన్నాను. కమిటీ ఫైలు ఇదే మొత్తమా అన్నారు. ఇదే మొత్తం అన్నాను. రెండు అబద్ధాలు. అవి రెండూ మీకోసమే. మీరు ఆరోజు ఉదయమే నాకోసం నిజం పంపేశారు.

సోమవారమే మళ్ళీ పిలిచారు. ఫైల్లోంచి ఉత్తరం ఏమైందని ద్వారకానాథ్ అంకుల్‌ని అడిగితే, ఫైలు ఉదయ చేతికే ఇచ్చాం, మాకేం తెలియదన్నారట. లైసెన్సు ఆపేశారు. దిబ్బ సంగతి పొరపాటు కింద పోయేదేమో, ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నేరం కింద వస్తుందని లాయరు చెప్పాడు. జైలు ఉండొచ్చన్నాడు. గీతికకి చెప్పాను. "అమ్మా, కోళ్ళకి మేత నేను వేస్తాలే," అంది. తెలుగులో.

మిమ్మల్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. మీ మాట విని ఆవిడ మాట పక్కన పెట్టింది నేను. నేల ఎటు వాలిందో కొలిచింది నేను, మీరు కాదు.

కౌన్సిల్ ఆదేశం మీద వేరే కంపెనీ వచ్చి చెరువు తవ్వింది. నైరుతిలోనే తవ్వారు. నన్ను సైటులోకి రానివ్వరు గనక నిన్న మోరీన్ ఇంటి వైపు రోడ్డు మీద నిలబడి చూశాను. వాన పడుతోంది. ఏ పంపూ లేదు, ఏ మనిషీ లేడు. నీళ్ళు వాటంతట అవే వచ్చి అందులో నిండాయి. మోరీన్ కొడుకు ఆ ఇల్లు అమ్మకానికి బోర్డు పెట్టాడు.

ఇంకొక్క మాట. మనిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలన్నీ అప్పగించమన్నారు. రేపు ఇచ్చేస్తున్నాను. మీ దగ్గరున్నవాటి కోసం మీ ఇంటికి కూడా వస్తారు. తెలుగు చదివే అనువాదకుణ్ణి పెట్టారట. ఆవకాయ సంగతి, మీ చెవి మిషన్ సంగతి, సాధ్యమే అన్న మాట, అన్నీ వరసగా చదువుతారు. ఇది కూడా చదువుతారు. అందుకని ఇకమీదట నాకు రాయకండి. ఫోన్ చేస్తే మీకు వినపడదు. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు బాబాయ్.

పిన్నిని మీతో మాట్లాడమని చెప్పండి.

ఉదయ